గోడ అవతలి గంగవ్వ

ట్రాక్టరు తొట్టి పైకి లేచేటప్పుడు ముందు ఒక మూలుగు వినిపిస్తుంది. తర్వాత మొరం మట్టి ఒక్కసారిగా జారి పడిన చప్పుడు, ఆ వెంటనే ఎర్రటి దుమ్ము. మొన్న పొద్దున సిరిసిల్లలో మా కుట్టు షెడ్డు వెనక ఆ చప్పుడు వినగానే నా చేతిలోని టీ గ్లాసు నోటిదాకా రాకుండానే ఆగిపోయింది. షెడ్డులో పనికి వచ్చే ఆడవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళలో నలుగురికి ఇంకా బడి వయసు రాని పిల్లలున్నారు. వాళ్ళు ఆడుకుంటారని, గోడ దాకా ఏటవాలుగా దిగే వెనక జాగాను చదును చేయిస్తున్నాను. మొరం పోసేవాళ్ళకు అది రోజూ చేసే పని. నాకు మాత్రం ఆ దుమ్ము ముక్కుకు తగలగానే పాత పెరడు గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళ కింద కోరుట్లలో ఇలాగే ఒకసారి చదును చేయించాను. అదీ నా కూతురి మంచికే. ఆ మంచితోనే దాన్ని చంపుకునేదాన్ని. అలా జరగలేదంటే గంగవ్వ వల్ల.

గంగవ్వ మీకు తెలియదు. కోరుట్లలోనే రెండు గల్లీలు దాటితే ఆమె ఎవరికీ తెలియదు. బీడీలు చేసేది. బక్కపలచని మనిషి, మాట తక్కువ, ఆ తక్కువ మాట కూడా మెత్తగా ఉండేది కాదు. మా ఇంటి వెనక పల్లంలో ఆమె ఇల్లు. మా ఇల్లు వీధి వైపు ఎత్తులో ఉండేది. వెనక తలుపు తీస్తే నేల ఏటవాలుగా దిగిపోయి, మా మామ కట్టించిన ఇటుక గోడ దగ్గర ఆగేది. గోడ మా వైపు నుంచి నా ఛాతీ దాకా ఉండేది. అవతల గంగవ్వ వాకిలి ఇంకా కిందికి ఉండటంతో అటువైపు నిలబడి చెయ్యెత్తినా పైకొస అందేది కాదు. నా భర్త మహేందర్ మస్కట్‌లో ఉండేవాడు. అత్తామామలు ఇబ్రహీంపట్నం దగ్గర ఊర్లో పసుపు చేను చూసుకునేవాళ్ళు. కోరుట్ల ఇంట్లో నేనూ, రెండున్నరేళ్ళ శ్రీజా, ఒక కుట్టు మిషనూ.

పొద్దున పనులయ్యాక గంగవ్వ చాట చంకన పెట్టుకుని, తడి గోనెలో చుట్టిన తునికాకు తీసుకుని మా వెనక తలుపు దగ్గర జామచెట్టు నీడకు వచ్చేది. కాళ్ళు చాపుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టేది. ఆకును కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, కొన మడిచి దారం కట్టడం. ఒక్కసారి కూడా చేతుల వైపు చూసేది కాదు. మొదట్లో నాకు వింతగా ఉండేది.

"పెద్దమ్మా, చూడకుంట ఎట్ల చేస్తవ్?" అని అడిగాను ఒకరోజు.

"చేతులకు కండ్లెందుకు బిడ్డా? ఎనిమిదేండ్ల పిల్లప్పటి సంది గిదే పని. కండ్లు ఖాళీగనే ఉంటయ్. గందుకే పిల్లను చూస్తున్న" అంది, శ్రీజ మీద నుంచి చూపు తిప్పకుండానే.

నా పని దానికి పూర్తిగా తలకిందులు. సూది మీద నుంచి చూపు తీస్తే కుట్టు వంకర పోతుంది, సూది వేల్లో దిగుతుంది. మిషన్ మీద కూర్చున్నానంటే పక్కన పిడుగు పడినా తెలియదు నాకు. గంగవ్వ ఉన్నంతసేపూ నేను నిశ్చింతగా జాకెట్లు కుట్టుకునేదాన్ని. పిల్లను చూసుకొమ్మని నేనెప్పుడూ అడగలేదు, చూసుకుంటున్నానని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. శ్రీజకు మాటలు వచ్చాక అమ్మ తర్వాత పట్టుబడిన మాట 'అవ్వ'. అది నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది, అబద్ధమెందుకు.

ఆ ఏడు వానలు మొదలవగానే ఒకరోజు శ్రీజ ఆ ఏటవాలులో కాలు జారి, దొర్లుకుంటూ వెళ్ళి గోడకు కొట్టుకుంది. నుదుటి మీద జామకాయంత బొప్పి. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో బొప్పి చూసి మహేందర్ అక్కడ అన్నం ముందు పెట్టుకుని ఏడ్చాడు. "గా జాగ మొత్తం మొరం పోపియ్యి వనజా. ఇంటి లెవెల్‌కు తే. పైన బండలు పరిపియ్యి. నా బిడ్డ పడద్దు" అన్నాడు. నాకూ అదే సరైనదనిపించింది. పిల్ల పడిందంటే వాలు వల్ల. వాలే లేకపోతే పడదు. ఇంత తేలికైన లెక్క ఇన్నాళ్ళు తోచలేదేమా అనుకున్నాను. మూడు రోజులు ట్రాక్టర్లు తిరిగాయి. నీళ్ళు పోసి, దిమ్మిస కొట్టి, షాబాదు బండలు పరిపించాను. నాలుగో రోజుకు వెనక తలుపు నుంచి గోడ దాకా నేల అరచేయిలా చదునుగా ఉంది. ఫోన్ పట్టుకుని మూలమూలా తిప్పి మహేందర్‌కు చూపించాను. "జబర్దస్త్ ఉన్నది" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ నాలుగో రోజే గంగవ్వ చాటతో వచ్చి, జామచెట్టు కింద కొత్త బండల మీద కూర్చుంది. కత్తెర చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది. చాట పక్కకు జరిపి లేచి, శ్రీజ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గోడకు ఆనించి నిలబెట్టింది.

"గోడ ఏడ పోయింది బిడ్డా?"

"ఏడికి పోతది? ఆడ్నే ఉన్నది గద."

"లేదు. మునిగింది. పిల్లకు బొడ్డు కాడికి గూడ రాలె. చూడు."

నిజం చెప్పాలంటే గోడ పొట్టిదైందని నాకూ కనపడింది. మేస్త్రిని అడిగితే, "దసరా అయినంక లేపుదాం అక్కా, ఇప్పుడు ఇసుక దొరుకుతలేదు" అన్నాడు. నేనూ సరే అన్నాను. నిలబడి చూస్తే అది అంత పెద్ద లోపంగా కనపడలేదు. అయినా నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. కొత్తగా చేయించుకున్న పనిని ఒకరు వేలెత్తి చూపితే, అది నిజమైతే మరీ మండుతుంది.

"నీళ్లు నీ దిక్కు అస్తయని నీ భయం. పైపు పెట్టిచ్చిన, ఏం రావు" అన్నాను.

"నీళ్ల ముచ్చట నేను తీసిన్నా?"

"మరేంది? గల్లీల అందరు మంచిగున్నదన్నరు. నీకొక్కదానికే వంకలు కనవడుతున్నయ్. మా ఇల్లు జర మంచిగైతే ఓర్వరు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఎవరో అన్నది కాదు, నేనే అన్నాను. గంగవ్వ నా మొహం వైపు చూసింది. ఆమె ఎవరి మొహమైనా అంతసేపు చూడటం నేనెరగను. తర్వాత ఆకు గోనెలో చుట్టుకుంది, చాట చంకన పెట్టుకుంది. "గోడ లేపేదాక ఎనుక తలుపు తియ్యకు" అని మాత్రం అని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

రాకపోతే పోయింది అనుకున్నాను. కానీ గోడ అవతల నుంచి ఆమె కత్తెర చప్పుడు మాత్రం పొద్దంతా వచ్చేది. ఇంతకుముందు ఆమె తన ఇంట్లో ఉంటే తలుపు ముందర వసారాలో కూర్చునేది. ఇప్పుడు సరిగ్గా మా గోడ కిందికి వచ్చి, గోడ వైపే మొహం పెట్టి కూర్చుంటోంది. కిచ్, కిచ్, కిచ్. నా మీద పంతానికే చేస్తోందని నాకు అనిపించింది. నేను ఎప్పుడు తలుపు తీస్తానో, ఎప్పుడు మూస్తానో కాపలా కాస్తోందనుకున్నాను. ఒకరోజు గోడ మీదుగా వంగి చూస్తే గోడ పొడవునా గోనె సంచులు పేర్చి ఉన్నాయి. నోళ్ళు కుట్టేసిన లావాటి సంచులు. ఆకు కత్తిరించగా మిగిలిన తుక్కు వాటిలో కుక్కినట్టుంది. మామూలుగా ఆ తుక్కు ఆమె నీళ్ళ పొయ్యిలోకి వాడుకునేది.

"గీ చెత్తంత మా గోడకెందుకు పెడుతున్నవ్? చెదలు పట్టవా?" అని పైనుంచి అరిచాను.

"పట్టనియ్యి" అంది తలెత్తకుండా.

ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి మహేందర్‌కు ఫోన్‌లో చెప్పాను కూడా, పక్కింటి ముసల్ది గోడ పాడు చేస్తోందని.

శ్రావణంలో పెళ్ళిళ్ళ జాకెట్లు మీద పడ్డాయి. తలుపు మూసే ఉంచేదాన్ని. శ్రీజ ఆ తలుపు దగ్గర నిలబడి గొళ్ళెం వైపు చూపిస్తూ "అవ్వ, అవ్వ" అనేది. "అవ్వ లేదు, ఊరికి పోయింది" అని చెప్పేదాన్ని. అవతల కత్తెర చప్పుడు వినపడుతుండగానే ఆ అబద్ధం చెప్పేదాన్ని. పిల్ల నా మొహం చూసి, మళ్ళీ తలుపు వైపు చూసేది.

ఆ రోజు పది గంటల వేళ కరెంటు పోయింది. కాలితో తొక్కే మిషనే గనుక పని ఆగదు, కానీ వెలుతురు లేదు. పట్టు జాకెట్టు, నల్లదారం. వెనక తలుపు తీశాను. చెయ్యి అంచు ఒక్కటి అయితే మూసేద్దామనుకున్నాను. శ్రీజ నా కాళ్ళ దగ్గర గుడ్డముక్కలు పేర్చుకుంటోంది. సూది కింద అంచు మెల్లగా కదులుతోంది. బయట కిచ్, కిచ్ మని చప్పుడు వస్తూనే ఉంది. ఒక అంచు అయింది. రెండోది కూడా కానిచ్చేద్దాం అనుకున్నాను.

కత్తెర చప్పుడు ఆగింది.

ఆకు మధ్యలో కత్తెర ఎప్పుడూ ఆగదు. తలెత్తాను. కాళ్ళ దగ్గర గుడ్డముక్కలున్నాయి, పిల్ల లేదు. తలుపులోంచి చూస్తే శ్రీజ గోడ మీద బోర్లా పడి ఉంది. పొట్ట గోడ మీద, కాళ్ళు ఇటు గాలిలో, తల అటు. ఊరికి పోయిన అవ్వ ఎక్కడుందో చూడ్డానికి వెళ్ళింది.

అవతల నుంచి గంగవ్వ గొంతు వినిపించింది. పిల్లను నిద్ర పుచ్చేటప్పటి గొంతు. "ఆఁ, ఈడనే ఉన్న శ్రీజమ్మా. అవ్వను చూసినవ్ గద. ఇగ కాళ్లు కిందికి పెట్టు. ఎనుకకు దిగు. మెల్లగ. నేనచ్చి ఎత్తుకుంట."

శ్రీజ వింది. ఒక కాలు కిందికి వదిలింది. దాని బొటనవేలు బండను తాకడం నేను చూశాను. ఆ వేలు ఈనాటికీ నా కళ్ళ ముందుంది. చూసి కూడా, ఆగలేక, గొంతు చించుకుని అరిచాను. "శ్రీజా!"

పిల్ల ఉలిక్కిపడింది. నా వైపు తిరగబోయింది. తడిసిన గోడ, చెయ్యి జారింది. తల అటు వాలింది, దాని వెనకే రెండు కాళ్ళూ గోడ మీదుగా వెళ్ళిపోయాయి.

ఏడుపు వినపడలేదు. పది అడుగుల దూరంలో గోడ ఉంది. ఏడిస్తే బాగుండు దేవుడా, ఏడిపించు దేవుడా అనుకుంటూ ఉరికి, గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. గోడ అంచు పట్టుకుని కిందికి చూశాను. బీడీలన్నీ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. చాట బోర్లా పడింది. సంచుల మీద గంగవ్వ వెల్లకిలా పడి ఉంది, ఆమె పొట్ట మీద శ్రీజ. జుట్టు నిండా ఆకు తుక్కు. గంగవ్వ ఒక చేత్తో దాని వీపు తట్టుతోంది. అప్పుడు ఏడ్చింది నా పిల్ల. ఆ ఏడుపు విని నేను గోడ మీద తల పెట్టుకుని దానికన్నా గట్టిగా ఏడ్చాను.

చెప్పుల్లేకుండా గల్లీ చుట్టూ తిరిగి వాళ్ళ వాకిట్లోకి పరుగెత్తాను. డాక్టరు చూశాక తేలింది, శ్రీజకు పెదవి చిట్లింది, అంతే. గంగవ్వకు కుడి మణికట్టు వాచిపోయింది. వాకిట్లో ఆమె నన్ను తిట్టలేదు. పిల్లను నా చేతుల్లో పెడుతూ, "నువ్వు అరవకపోతే దిగుతుండె" అంది. తిట్టినా అంత తగిలేది కాదు. అప్పుడే నా కళ్ళు గోడ మొదట్లో వెతికాయి. అక్కడ ఎప్పుడూ బట్టలుతికే పెద్ద బండ ఒకటి ఉండేది.

"బండ ఏది పెద్దమ్మా?"

"గా మూలకు జరిపిన."

"ఎప్పుడు?"

"నువ్వు మొరం పోపిచ్చిన్నాడు."

నేను ఆమెను ఓర్వలేనిదన్నది ఆ తర్వాతే. అంటే నా మాట పడకముందే బండ జరిపింది, పడ్డాక సంచులు కుట్టింది. నాకు అక్కడ నిలబడటానికి మొహం చెల్లలేదు.

ఇరవై రోజులు ఆమె బీడీలు చెయ్యలేకపోయింది. చుట్టడం నాకు రాదు గానీ కత్తెర నా చేతిలో ఆడుతుంది. పొద్దున పూట ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చేదాన్ని. ఆమె కోడలు వచ్చి చుట్టేది. మా జామచెట్టు కిందే, నేల మీద. మొదటి రోజు నేను పీట తెచ్చుకుంటే, "పీటెందుకు? నేల మీద కూసో. కూసోని చూడు" అంది గంగవ్వ. కూర్చున్నాను. ఆ పెరట్లో నేను నేల మీద కూర్చోవడం అదే మొదలు. నిలబడితే మోకాలి ఎత్తు గోడ, అక్కడి నుంచి చూస్తే ఎక్కడానికి పిలుస్తున్న అరుగులా ఉంది. బట్టల దండేనికి కొట్టిన ఇనుప కొక్కెం సరిగ్గా పిల్ల కంటి ఎత్తులో ఉంది. కుళాయి పక్కన బండ అంచు కత్తిలా లేచి ఉంది. నెలరోజులు నేను వాటి మధ్య తిరిగాను, ఒక్కటీ కనపడలేదు. రోజంతా నేల మీద కూర్చునే మనిషికి మాత్రం అన్నీ కనపడ్డాయి.

ఆమె చెప్పినట్టే చేశాను. గోడ పక్కన రెండు బారల వెడల్పు బండలు తీయించి, మొరం తోడించాను. గోడకు దాని ఎత్తు దానికి వచ్చింది. ఇంటి నుంచి అక్కడికి మళ్ళీ వాలు వచ్చింది, ఈసారి మెల్లటి వాలు, దాని మీద గడ్డి. "మళ్ల వాలేనా?" అన్నాడు మహేందర్ ఫోన్‌లో. ఫోన్ గంగవ్వ చేతికిచ్చాను. "ఊరంత సదును చేస్తవా కొడుకా? దిగుడు నేర్పియ్యాలె" అంది ఆమె. నేర్పింది కూడా. వాలు దగ్గరికి వస్తే వెనక్కి తిరిగి, బొక్కబోర్లా పడుకుని, ముందు కాళ్ళు దించాలి. వాచిన చెయ్యి పక్కకు చాపి, అరవై ఏళ్ళ మనిషి గడ్డి మీద బోర్లా పడుకుని చూపించింది. శ్రీజ నవ్వి నవ్వి నేర్చుకుంది. చెయ్యి నయమయ్యాక చాట మళ్ళీ ఆమె ఒళ్ళోకి వచ్చింది, నేను మిషన్ మీదికి వెళ్ళాను. నేను మిషన్ తిప్పి పెట్టుకున్నాను, మొహం పెరటి వైపు ఉండేలా.

క్షమించమని మాత్రం నేను ఆమెను అడగలేదు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకున్నాను. మాట నోటిదాకా వచ్చేది, ఆమె ఏదో ఒకటి కటువుగా అనేది, నేను నవ్వేసేదాన్ని. మహేందర్ తిరిగి వచ్చాక సిరిసిల్లలో ఈ షెడ్డు పెట్టుకున్నాం. కోరుట్ల ఇల్లు కిరాయికి ఇచ్చాం. ఏడాదికి ఒకసారి వెళ్తే కలిసేదాన్ని. పోయిన చలికాలంలో ఆమె కోడలు ఫోన్ చేసింది, గంగవ్వ పోయిందని. నేనూ శ్రీజా వెళ్ళాం. ఇప్పుడు అది ఇంటర్ చదువుతోంది, గంగవ్వ కన్నా జానెడు పొడుగు.

అన్నీ అయ్యాక నేను వాళ్ళ ఇంటి వెనక్కి వెళ్ళాను. గోడ కింద సంచులు వరసగా ఉన్నాయి. పాతవి ఇన్నాళ్ళు పారెయ్యలేదా అనుకుంటూ ఒకదాని మీద చెయ్యి వేశాను. గోనె కొత్తది. కుట్టు కొత్తది. కుట్టు సందులో వేలు పెడితే లోపల ఆకు తుక్కు ఇంకా రంగు మారలేదు, వాసన పోలేదు.

"ఏడాదికి రెండుసార్లు మార్చేది అత్త" అంది కోడలు నా వెనక నిలబడి. "ఎందుకత్తా, గోడ మంచిగైంది, పిల్ల పెద్దగైంది గద అంటే ఇనకపోయేది. మీ ఇంట్లకు కిరాయికి ఎవరన్న అస్తరు, పిల్లలుంటరు అనేది. చెయ్యి నొస్తున్నా కుట్టేది."

ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరెవరు కిరాయికి ఉన్నారో నాకు పేర్లు కూడా సరిగ్గా గుర్తు లేవు. వాళ్ళకు పిల్లలున్నారో లేదో నేను ఏనాడూ అడగలేదు. శ్రీజ ఆ సంచి మీద కూర్చుని, గోడ పైకొస వైపు తలెత్తి చాలాసేపు చూసింది. "మమ్మీ, గంత పైనుంచా?" అంది. నేను తలూపాను.

మొన్న సిరిసిల్లలో ట్రాక్టరు వెళ్ళిపోయాక, మొరం కుప్పలు పరుస్తున్నవాళ్ళను ఆగమన్నాను. చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ ఎర్రమట్టిలో నేల మీద కూర్చున్నాను. పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వాళ్ళలో ఒకతను నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నవ్వుకోనీ. అక్కడి నుంచి గోడను చూశాను. అది సగం మునిగింది. గోడ పక్కన పోసిందంతా తోడెయ్యమని మేస్త్రికి చెప్పాను. వద్దన్నట్టు ఏదో గొణిగాడు, మళ్ళీ చెప్పాను, సరే అన్నాడు. చీరకంటిన మట్టి దులుపుకుని లేచి, గోడ అవతల ఎవరుంటారో, గోడ మొదట్లో ఏముందో చూసి రావడానికి గల్లీ చుట్టూ తిరిగి వెళ్ళాను.